రెండో గంప కేక

మామా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. బళ్లో ఆదిమానవుడి పాఠం చెప్తా, తొలి మనుషుల గొంతులో మనకున్నన్ని శబ్దాలు పలికేవి కావంట అన్నాను. "పాపం, అన్నం ఎట్టా అడిగేవాళ్లు పంతులమ్మా?" అన్నదొక పిల్ల. నాకూ జాలేసింది.

సాయంత్రం ఇంటికొస్తే అత్త వాకిట్లో వల బాగుచేస్తా ఉంది. నువ్వు పోయినాక ఆమె ఒడ్డుకే పోలేదు. అంతలో అలల అవతల తెప్పమీంచి నీ కొడుకు "ఓ..." అని సాగదీసి కేకేసినాడు. చేపలు బాగా పడితే, రెండో గంప కూడా తెమ్మని నువ్వు వేసే కేకే అది. అచ్చం నీ గొంతు.

అత్త లేచింది. రెండు గంపలూ చంకనబెట్టుకొని ఒడ్డుకు నడిచింది.

ఆ తొలి మనుషుల మీద జాలిపడొద్దని రేపు పిల్లలకు చెప్తాను.

నీ కోడలు