సగం నాలుక

పిచ్చుకా,

చిన్నప్పుడు మాటలు ఆలస్యంగా వచ్చినా, వచ్చాక ఒక్క పూటా ఆగిన దానివి కావు. అలాంటిది ఉన్నట్టుండి నోటికి తాళం వేసుకున్నావేమిటే? డ్యూటీ దిగగానే బస్టాండు నుంచి రోజూ చేసే ఫోన్ మానేశావు. పని ఎక్కువగా ఉందని ఒక కార్డు ముక్క రాసి పడేశావు.

అమ్మ సంగతి నీకు తెలుసు. మనుషులు ఒక్కొక్కరే ఆవిడ మనసులోంచి చెరిగిపోతున్నారు. మొన్న తల దువ్వుతుంటే, "ఎవరి అమ్మాయివమ్మా, చెయ్యి మెత్తగా ఉంది" అంది. నవ్వి జడ పూర్తి చేశాను. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. ఇక ఆవిడకు మిగిలింది నీ గొంతొక్కటే. సాయంత్రమయ్యేసరికి ఫోన్ పక్కన కుర్చీలో చేరి, "పిచ్చుక ఏదమ్మా, ఇంకా ఇంటికి రాలేదా?" అని అడుగుతుంది. రెండు మాటలు మాట్లాడితే నీ సొమ్మేం పోయింది?

కోపంగా ఉన్న,
మీ అక్క


ప్రియమైన అక్కకు,

తిట్టు, పడతాను. నోటితో చెప్పలేకే కాగితం మీద పెడుతున్నాను.

కింది దవడ చివర జ్ఞానదంతం పుచ్చితే పీకించుకున్నాను. మత్తు ఇంజెక్షన్ ఇస్తుంటే నాలుకలోకి కరెంటు కొట్టినట్టు జివ్వుమంది. కుర్చీలోంచి లేచినంత పని చేశాను. "అయిపోయిందమ్మా, కదలకండి" అన్నాడు పళ్ల డాక్టరు. సాయంత్రానికి మత్తు దిగుతుందన్నాడు. పెదవికి దిగింది. నాలుకకు కుడివైపు ఇప్పటికీ దిగలేదు. ఆ సగం నాది కాదన్నట్టు నోట్లో పడి ఉంటోంది. టీకి కాలిందో లేదో తెలియదు. కొరుక్కున్నానని నీళ్లు పుక్కిలిస్తే ఎర్రగా వచ్చినప్పుడు తెలుస్తోంది.

అవన్నీ ఓర్చుకుంటాను. మాట పాడైంది అక్కా. నోట్లో నీళ్లు పట్టుకుని మాట్లాడినట్టుంది. బస్టాండు మైకు గదిలో కూర్చుని బస్సులు వెళ్లే ఊళ్ల పేర్లు చదవడం తప్ప నాకు వేరే పని రాదు.

అమ్మకు మిగిలింది నా గొంతే అని నువ్వే రాశావు. ఇది ఆ గొంతు కాదు. విని "ఎవరు నువ్వు" అందంటే నేను తట్టుకోలేను.

మాట జారుతున్న,
నీ చెల్లి


పిచ్చుకా,

నీ ఉత్తరం చదివాను. నేనన్న మాటలు మనసులో పెట్టుకోకు. మొహమాటపడకుండా మళ్లీ ఆ డాక్టరు దగ్గరకు వెళ్లు. పెద్దాసుపత్రిలో కూడా చూపించమని మీ బావ పదేపదే చెబుతున్నారు.

అమ్మ మందులు వేసుకోనని మొండికేస్తోంది. పిచ్చుక ఇల్లు చేరందే తనకేదీ వద్దట. ఏదో ఒకటి చెయ్యవే. నాకు చేతకావడం లేదు.

అక్క


ప్రియమైన అక్కకు,

వెళ్లాను. డాక్టరు మంచివాడే, తనే ఎక్కువ బాధపడ్డాడు. సూది వెళ్లే దారి పక్కనే నరం ఉంటుందట, కంటికి కనిపించదట, ఎంత జాగ్రత్తపడినా అరుదుగా తగులుతుందట. నన్ను కళ్లు మూసుకోమని నాలుక మీద సూదిమొనతో తాకాడు. "తెలుస్తోందా?" అన్నాడు. తాకాడనే తెలియలేదు. చాలామందికి కొన్నాళ్లలో తిరిగి వస్తుందని, ఈపాటికి కాస్తయినా జివజివలాడాలని అన్నాడు. నాకు అదీ లేదు. పెద్దాసుపత్రిలోనూ చూద్దామన్నారే తప్ప వస్తుందని ఎవరూ అనలేదు.

ప్రయాణికులు పోగొట్టుకున్న సామాన్లు దాచే గదికి నన్ను మార్చారు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఎవరిదో ఒంటి చెప్పు, వాటి మధ్య నేను. నెత్తి మీద స్పీకరులో కూడా నేనే. నా పాత టేపులు వేస్తున్నారు. గొడుగు కోసం వచ్చిన ఒకాయన, "ఆ అనౌన్సరమ్మ గొంతు ఎంత బాగుందండీ" అన్నాడు. తల ఊపాను.

అందులో ఒక టేపు అడిగి తీసుకుని పంపుతున్నాను. అమ్మకు వినిపించు. అన్నీ బస్సుల వేళలే అయినా, గొంతు నాదే కదా.

నీ చెల్లి


నా పిచ్చుకకు,

టేపు వేశాను. అమ్మ శ్రద్ధగా విన్నది. లేచి చెప్పులు వేసుకుని, సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఎవరో ఆవిడ బస్సు వచ్చిందంటోంది, పద" అంది. అది నీ కూతురేనమ్మా అన్నాను. "నా కూతురికి అంత పెద్ద గొంతెక్కడిది?" అని కసిరింది. నీకిది రాయకూడదనుకున్నాను.

కానీ నిన్న నువ్వు ఫోన్ చేశావు. నేనే ఎత్తుతాననుకున్నావు, అమ్మ ఎత్తింది. నువ్వేదో అన్నావు. ఆవిడ "ఎవరు?" అనడం వంటింట్లోంచి విన్నాను, అంతలోనే నువ్వు పెట్టేశావు. ఎంత ఏడ్చి ఉంటావో నాకు తెలుసు. ఆ తర్వాత జరిగింది నీకు తెలియదు.

నేను వచ్చేసరికి అమ్మ రిసీవర్ గుండెకు ఆనించుకుని ఉంది. ముఖం వెలిగిపోతోంది. "పిచ్చుకేనమ్మా," అంది. "అక్క లేదా అని అడుగుతోంది. పాపం, ఇంకా నోరు తిరగదు దానికి. ఎవరికీ అర్థం కాదు, నాకొక్కదానికే అర్థమవుతుంది. ఒక్కతే ఎక్కడుందో ఏమో, చీకటి పడకముందే తీసుకురామ్మా."

నిజమేనే. చిన్నప్పుడు నీ మాట ఇంట్లో ఎవరికీ అర్థం కాని రోజుల్లో, నువ్వేమన్నావో అమ్మే మా అందరికీ చెప్పేది. ఇన్నాళ్లూ ఫోన్‌లో నీకు కొట్టిన ఊ, ఎవరు మాట్లాడినా కొట్టే ఊ అని ఇప్పుడు తెలిసింది. ఆవిడ ఎదురుచూసింది నీకోసం కాదు, ఆ పసిదానికోసం. మైకు ముందు కూర్చున్న నువ్వు నాలాగే ఎప్పుడో చెరిగిపోయావు. నీ మీద అసూయగా ఉంది. నీకోసం ఏడుపూ వస్తోంది. నీ నాలుక బాగుపడాలనే కోరుకుంటున్నాను. బాగుపడితే అమ్మ ఎవరికోసం చూస్తుందో అని భయపడుతున్నాను కూడా.

రాత్రి మందులు మాట్లాడకుండా వేసుకుంది.

ఈ ఉత్తరం అందిన సాయంత్రం ఫోన్ చెయ్యి. నేను ఎత్తను, అమ్మనే ఎత్తనిస్తాను. నోటికి ఎలా వస్తే అలా మాట్లాడు. సరిగ్గా పలకాలని చూడకు.

మీ అక్క