ప్రోగ్రాముకు దినకూలి

1988 జూలై 4, ఎమ్మిగనూరు

హైదరాబాదులో మా కంపెనీ మూతపడి రెండు నెలలు. ఇంటికొచ్చి కూర్చున్నాను. ఇవాళ ఆదోని నుంచి కబురు. పత్తి బజారులో కమీషన్ దుకాణం నడిపే సేటు కంప్యూటర్ కొన్నాడట. దాని మీద తెల్లగుడ్డ కప్పి, అగరొత్తి వెలిగించి, ఏం చెయ్యాలో తెలియక చూస్తున్నాడట. పోయి చూశాను. రైతుల ఖాతాలు, తరుగు, హమాలీ, కమీషన్ — అన్నీ అదే లెక్క వేసేట్లు ప్రోగ్రాం రాయాలి. "ఎంత తీసుకుంటావప్పా?" అన్నాడు. రేపు చెప్తానన్నాను. నా పనికి నేను ధర చెప్పింది ఎప్పుడు? ఒకటో తారీఖున కవరు ఇచ్చేవాళ్లు, తీసుకునేవాణ్ణి.

జూలై 5

హైదరాబాదులో ఇట్లాంటి దానికి పదిహేను వేలు పుచ్చుకునేవాళ్లు. ఆ అంకె పైకి అనడానికే భయం. అద్దం ముందు కూడా అనలేకపోయాను.

నాయన మగ్గం ఆపకుండానే అడిగాడు. "ఎన్ని దినాలు పడ్తాదిరా?"

నలభై, అన్నాను.

"ఇంకేం మల్ల? దినానికి ఇంతని సెప్పు. సీరకైనా అంతే కదా."

దినానికి యాభై. అది వినే నాయన కళ్లు పెద్దవి చేశాడు. ఆయనకు అందులో సగం కూడా రాదు.

జూలై 6

సేటు బేరమే ఆడలేదు. సరే అన్నాడు, అంతే. సంతోషంగా ఉండాలి కదా, ఎందుకో లేదు.

అయినా నా లెక్క నాకుంది. మొదటిది చవకగా పోతే పోనీ. అదే ప్రోగ్రాం బజారులో మిగతా దుకాణాలకూ అమ్ముతాను. ఆ డబ్బుతో సొంత కంప్యూటర్. ఇంక ఎవరి గడపా ఎక్కనక్కర్లేదు. నా భార్య సరోజతో అంటే నూలు కండె చుట్టే చెయ్యి ఆపి, "అన్ని దుకాణాలా?" అంది. నవ్వింది. ఎన్నాళ్లయింది తను నవ్వి.

జూలై 29

కరెంటు లేదు. పొద్దంతా సేటు దుకాణం అరుగు మీద ఈగలు తోలుకుంటూ... ఈ దినం కూలిలోకి రాదట. మిషను నడిస్తేనే దినమట.

ఆగస్టు 17

హమాలీ లెక్క మళ్లీ మార్పించాడు. మార్పులకు వేరే కూలి అడుగుదామనుకుంటూ వెళ్లాను. అడక్కుండానే వచ్చాను. బస్సులో నన్ను నేనే తిట్టుకున్నాను.

సెప్టెంబరు 2

అయిపోయింది! మిషను వెయ్యగానే తెర మీద 'నమస్కారం సేటూ' అని పడేట్లు పెట్టాను, ఇంగ్లీషు అక్షరాల్లో. సేటు పొంగిపోయాడు. పక్క దుకాణాల వాళ్లందరినీ పిలిచి చూపించాడు. నేనూ పొంగిపోయాను, వాళ్లే కదా రేపు నా దగ్గరికి వచ్చేది. రెండు వేలూ అక్కడికక్కడే చేతిలో పెట్టాడు.

అక్టోబరు 18

పత్తి దిగుతోంది. సేటును చూసి బజారులో ఇంకో నలుగురు పోటీ పడి కంప్యూటర్లు కొన్నారు. నేను ఎదురుచూసింది ఇదే. బస్సులో దారి పొడుగునా ఒకే మాట నేర్చుకుంటూ పోయాను — నాలుగు వేలు, నాలుగు వేలు.

మొదట ఖాదర్ భాయ్ దుకాణం. మంచి మనిషి, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "సూడప్పా, మా మిషను కూడా సూడు," అని మీట నొక్కాడు.

నమస్కారం సేటూ.

"సేటే ఫ్లాపీలో ఎక్కించి ఇచ్చినాడు గదప్పా, ఊరకే. నీకు తెల్దా?" అన్నాడు ఖాదర్ భాయ్. ఆయన తప్పేముంది? ఎవరైనా ఊరకే ఇస్తే తీసుకోరా? మిగిలిన మూడు దుకాణాలకూ పోయాను. అన్నిచోట్లా అదే నమస్కారం. బస్టాండులో ఒక మూలకు పోయి ఏడ్చాను. రాయడానికి సిగ్గుగా ఉంది.

అక్టోబరు 19

సేటును అడిగేశాను. కోపంగా అడగాలని పోయి, అర్జీ పెట్టుకున్నట్టు అడిగాను.

ఆయన కోప్పడలేదు. "మిషను నాది. ఫ్లాపీలు నావి. కరెంటు నాది. దినానికి ఇంతని కూలి అడిగింది నువ్వు, ఇచ్చింది నేను. మీ ఎమ్మిగనూర్లో నూలు సావుకారిదైతే సీర ఎవరిదప్పా?"

సావుకారిదే. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. నేసినవాడు అది నాదని ఏనాడైనా అన్నాడా? "ఊరూరూ ఎందుకు తిరుగుతావు, నా తావ గుమాస్తాగా సేరు," అన్నాడు, ఎంతో ప్రేమగా.

అక్టోబరు 20

నాయనకు చెప్పాను. ఆయనైనా నా పక్క ఉంటాడనుకున్నాను.

"ఆయప్ప సెప్పినదాంట్లో తప్పేముందిరా? కూలి తీసుకున్నంక గుడ్డ మనదెట్లయితాది?"

నన్ను ఎత్తిపొడవాలని కాదు. ఆయనకు తెలిసిన న్యాయం అదొక్కటే. నాయన మీద ఇంత కోపం నాకెప్పుడూ రాలేదు. కాసేపటికి ఆ కోపం నా మీదికే తిరిగింది. దినానికి ఇంత అని చదువుకున్న నా నోటితోనే కదా అన్నాను. పదిహేను వేలు అని ఉంటే పొమ్మనేవాడు. పొమ్మన్నా నా ప్రోగ్రాం నా తలలోనే నాకుండేది.

అక్టోబరు 21

రాయబుద్ధి కావడం లేదు.

అక్టోబరు 27

గుమాస్తా ఉద్యోగానికి పోదామా అని సరోజను అడిగాను. "నీ ఇష్టం," అంది. నా ఇష్టం అడిగి ఎన్నాళ్లయిందని...

నవంబరు 2

సేటు మనిషి వచ్చాడు. దీపావళికి బజారంతా కొత్త లెక్కలు మొదలుపెడతారు. పాత సంవత్సరం మూసి, నిల్వలు కొత్తదానికి ఎక్కించే పని నా ప్రోగ్రాముకు రాదు. నలభై దినాల్లో అది పట్టలేదు, తర్వాత చూద్దామని వదిలేశాను. ఇప్పుడు ఐదు దుకాణాలకూ అదే చిక్కు. ఒక్క నిమిషం గుండె ఎగిరింది.

సేటు పంపిన మాట ఇది: "నేతలో పోగు తెగితే నేసినోడే గదా ముడెయ్యల్ల? దానికేం కూలి?"

మళ్లీ చల్లబడ్డాను. ఇప్పుడు ఊరకే చేస్తే ఏటా దీపావళికి ఊరకే చెయ్యాలి. చెయ్యనంటే ఆదోనిలో నాకు ఇంకెవరు పని ఇస్తారు?

నవంబరు 3

నాయన: "పొయ్యి సేసిరా. పేరు సెడ్తాది."

సరోజ: "ఊరకే సేసేదానికైతే పోవద్దు. ఈతూరి దినాలు సెప్పొద్దు."

మరేం చెప్పమంటావు అని అరిచాను. "అది నీకు తెలియల్ల," అంది. నాకు తెలియదు. నా తలలో ఉన్నదానికి ఎంతని అడగాలో నాకు తెలియదు, దేవుడా.

నవంబరు 6

ఐదుగురూ సేటు గద్దె మీదే కూర్చుని ఉన్నారు. నిలబడే చెప్పాను. దుకాణానికి వెయ్యి, ఎవరిది వాళ్లే ఇవ్వాలి, సేటుతో సహా. ఏటా ఇంతే.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. సేటు టీ తెప్పించాడు. అందరికీ గ్లాసులు పెట్టారు, నాకు పెట్టలేదు. ఖాదర్ భాయ్ తన గ్లాసులోకే చూస్తూ కూర్చున్నాడు. "ఆలోసిస్తాము, పోయి రాప్పా," అన్నాడు సేటు.

పండగ మూడు దినాలుంది. వాళ్లు పిలుస్తారో, హైదరాబాదు నుంచి ఇంకొకణ్ణి తెప్పించుకుంటారో. బస్సు దిగి ఇంటికొచ్చేసరికి సరోజ వాకిట్లోనే ఉంది.

"ఎంత సెప్పినావు?"

చెప్పాను. తను లోపలికి పోయి రాట్నం ముందు కూర్చుంది, తిప్పలేదు.

ఎక్కువైందా, అన్నాను.

"తక్కువ సెప్పినావేమో."