సుజాత పేరు, వాళ్ల పేర్లు

1985 అక్టోబరు, శనివారం రాత్రి. లాస్ ఏంజెలెస్.

ఇవాళ పొద్దున టీవీలో మా సుజాత పేరు పడింది! జపాన్ వాళ్ల బొమ్మల సినిమాల్ని ఇక్కడి పిల్లల కోసం కత్తిరించి అతికించే ఉద్యోగం దానిది. ఆ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివి, చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. అదేమో మొహం ముడుచుకుంది.

"ఏమ్మా, నీ పేరేగా?"

"నా పేరే నాన్నా. బొమ్మలు గీసినవాళ్ల పేర్లేవి? టోక్యో నుంచి వచ్చిన రీల్లో వరసగా ఉన్నాయి. జపాన్‌దని తెలిస్తే ఎవరూ చూడరట. ఆ ముక్క నాచేతే కట్ చేయించాడు మా బాసు."

ఒళ్లు మండిపోయింది. ఎవడబ్బ సొమ్మని తీసేస్తాడు? కళ్లు పోయేలా గీసింది వాళ్లు. వాళ్లకు మాత్రం నాలాంటి నాన్న ఉండడూ, టీవీ ముందు కూర్చుని?

"సోమవారం అడుగుతాను. వాళ్లవి వెయ్యకపోతే నాదీ తీసెయ్యమంటాను" అంది.

"నీదెందుకే!" అని గయ్యిమన్నాను. విసురుగా లోపలికెళ్లిపోయింది.

కోపం ఇంకా దిగలేదు. వచ్చే శనివారం కూడా ఆ పేరు చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. అయినా అడగొద్దని మాత్రం దానికి చెప్పలేను. చెప్పను...