ముళ్లపంది ఎవరు

శంషాబాద్

చెల్లెమ్మా జకియా,

మా ఆవిడ వినీల రాసిన పిల్లల కథలు, ఆ జంతువులవి, పుస్తకంగా వస్తున్నాయి.

"ఏందక్కా, గా లొల్లి కోడిపెట్ట నేనేనా?" అని గోడ మీది నుంచి అడిగేదానివి. నెత్తిమీది విమానం పోయేదాకా ఆగి, కాదని ఒట్టేసేది వినీల. నువ్వే.

ఎవరితోనూ మాట్లాడని ముళ్లపంది మా మామగారనుకుని ఏళ్ల తరబడి నవ్వాను. ఆమె పోయాక నోటుపుస్తకం తెరిస్తే, ముళ్లపంది పక్కన నా పేరుంది.

చివరి కథలో అది అలిగి అడవి దాటిపోతుంది. రాత అక్కడే ఆగింది. మిగతాది మీ ఐమన్‌కు చెప్పానని దవాఖానలో అంది. నేను అడగలేదు.

అచ్చుకు పోయేలోగా పాపనడిగి కనుక్కుని రాయి. ముళ్లపందిని ఎవరైనా వెనక్కి పిలిచారా? ఉన్నది ఉన్నట్టే రాయి.

అన్న