నాకెందుకు రాలేదని అడిగేదానివి

రజియా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ రోజు బెళుగుప్ప ఆసుపత్రిలో పరీక్షల కోసం రక్తం ఇచ్చి వచ్చాను. నువ్వే ఉంటే సందేహాలతో ఆ ల్యాబ్ అమ్మాయిని ఊపిరి తీసుకోనిచ్చేదానివి కాదు.

కుష్ఠుకు మందులన్నీ మింగినా నా ఒంటిమీద ఎర్రటి గడ్డలు లేస్తూనే ఉన్నాయి కదా. జబ్బు తిరగబెట్టిందని, పరుపులు కుట్టించుకునేవాళ్లు మన గడప తొక్కడం మానేశారు. తిరగబెట్టలేదట!

"క్రిములు చచ్చిపోయినాయి తాతా. చచ్చినవాటితోనే మీ ఒళ్లు ఇంకా కొట్లాడతాండాది. ఆ కొట్లాట గుర్తులు రక్తంలో తెలుస్తాయి," అందా అమ్మాయి.

ఎలాంటి కొట్లాటో చూద్దామని సీసాలోకి తొంగిచూశాను. మామూలు రక్తంలాగే ఉంది.

"ఒకే ఇంట్లో ఉండి కూడా జబ్బు రానోళ్ల రక్తం కావాల తాతా. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాం. మీ ఇంట్లో ఎవరన్నా ఉండారా?" అని అడిగింది.

"ఒకే తట్టలో తింటాండామే సారూ, నాకెందుకు రాలేదు?" అని నువ్వు కనిపించిన ప్రతి డాక్టరునూ అడిగేదానివి. ఒక్కరూ చెప్పలేదు. ఆ జవాబు నీ రక్తంలోనే ఉండేదేమో.

"మా ఇంటామె ఉండె తల్లీ. పోయి ఏడాదాయె," అన్నాను.

నా వేళ్లకు వేడి తెలియదని, చాయ్ గ్లాసు నువ్వు పట్టుకుని చూసి ఇచ్చేదానివి. ఇప్పుడు మీగడ కట్టేదాకా ఆగి తాగుతున్నాను.