చెవిలో శ్రుతి

11-3-1974, మదనపల్లె

టి.బి. అని తేలింది. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి ఎడమ ఊపిరితిత్తిలో మచ్చ చూపించాడు. నాకేమీ కనిపించలేదు. తల ఊపాను.

నాగస్వరం ముట్టుకోవద్దన్నాడు. ఎన్నాళ్ళు అని అడిగాను. బతకాలని ఉందా లేదా అని తిరిగి అడిగాడు.

14-3

వార్డులో ఎనిమిది మంచాలు. తోచక రాస్తున్నాను.

పుంగనూరు గుడిలో పొద్దున, సాయంత్రం మేళం మాది. మా నాయన వాయించాడు, ఆయన తర్వాత నేను. ఇప్పుడు చిన్నాయన కొడుకు ముద్దుకృష్ణను కూర్చోబెట్టి వచ్చాను. వాడికి ఊపిరి ఉంది, స్వరం ఇంకా పచ్చి. ధర్మకర్త నారాయణస్వామి మాఘమాసం తిరునాళ దాకా ఆగుతానన్నాడు. ఆ పొద్దు నువ్వొచ్చి వాయిస్తే మేళం నీది, లేకుంటే వానిదేనప్పా, దేవుణ్ణి ఊరికే కూర్చోబెట్టేకి అయితాదా అన్నాడు.

17-3, ఆదివారం

వార్డు పక్కనే ప్రార్థన గది. పైన రేకులు. పాట వాటికి తగిలి గలగలమని చెదిరిపోతోంది. హార్మోనియం ఆయన తప్పేమీ లేదు. చోటు తప్పు.

మా గుడి మండపం రాయి. షడ్జం పట్టి వదిలితే నాలుగో స్తంభం నుంచి తిరిగి వస్తుంది. అది చెవిన పడేదాకా నాయన తరువాతి స్వరం ఎత్తేవాడు కాదు. పెళ్ళి పందిట్లో కొబ్బరాకు సగం మింగేస్తుంది. వీధిలో ఊరేగింపయితే గాలి ఎటు తోస్తే అటు. ఇదంతా పక్క మంచం పేతురుకు చెప్పాను. అతను జట్కా తోలేవాడు. మా గుర్రానికి యాడ సకిలించినా ఒకటేనప్పా అన్నాడు.

2-4

రోజూ సూది. కూర్చోలేను, పడుకోలేను.

28-4

తెల్లవారి లేచేసరికి శ్రుతి వినిపించింది. ప్రార్థన గదిలో ఎవరో శ్రుతిపెట్టె పట్టారనుకుని వెళ్ళి చూశాను. తలుపుకు తాళం వేసి ఉంది. పేతురుకేమీ వినపడలేదు. శబ్దం నా చెవిలోనే. సన్నగా, పై షడ్జం. సరిగ్గా మా వాయిద్యం శ్రుతి.

చిన్నప్పుడు నాయన వెనక శ్రుతిపెట్టె పట్టుకుని కూర్చునేవాణ్ణి. స్వరం వచ్చే రంధ్రం మీది బిళ్ళ తెరిచి తిత్తి ఊపడమే పని. తెరవడం మరిచిపోతే ఉత్త గాలే. ఒకసారి అట్లా మరిచిపోయి నాయనతో మొట్టికాయ తిన్నాను. అన్నేళ్ళు విన్న శ్రుతి లోపలే ఉండిపోయినట్టుంది. వాయిద్యం దూరమైనా అది నన్ను వదల్లేదు. చాలా రోజుల తర్వాత మనసు బాగుంది.

4-5

డాక్టరు వారం వారం అడిగేదే అడిగాడు. తల తిరుగుతోందా, చెవిలో శబ్దం ఉందా. లేదన్నాను. ఆయన వెళ్ళాక సిస్టర్ దెబోరా మళ్ళీ అడిగింది. సెవులో గుయ్యిమంటాందా అప్పా, దాసిపెట్టొద్దు అంది. లేదమ్మా అన్నాను.

గుయ్యిమనడం కాదు కదా, శ్రుతి. అయినా ఏదో ఒకటి చెబితే సూది మారుస్తారు. వాకిలి పక్క మంచం ఆయనకు అట్లాగే మార్చారు. రెండేళ్ళయింది, ఇంకా ఇక్కడే ఉన్నాడు. నాకు తిరునాళ ఉంది.

30-6

పేతురు పోయాడు. ప్రార్థన గదిలో పాడారు. రేకులు బిగించినట్టున్నారు, గలగల లేదు. పాట శుభ్రంగా వినిపించింది.

9-9

డిశ్చార్జ్. కళ్ళె పరీక్ష శుభ్రం. బస్సెక్కేటప్పుడు తూలాను. ఆస్పత్రి తిండి.

20-9, పుంగనూరు

ఇంట్లో నాగస్వరం పట్టాను. ఊపిరి నిలిచింది. ముందుకన్నా ఎక్కువే నిలిచింది. నా భార్య సిద్ధమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

3-10

సిద్ధమ్మ ఈమధ్య గొణగడం మొదలుపెట్టింది. గట్టిగా చెప్పు అన్నాను. ఇంగా యాడికి అరిసేది, కోమట్ల వీధి దాకా ఇంటాండారు అని అరిచింది. ఆరు నెలలు ఒంటరిగా సంసారం ఈదింది, కోపం ఉండదా.

18-11, కుప్పం

మొదటి పెళ్ళి. షామియానా వేశారు. గుడ్డ మొత్తం తాగేసింది, నా స్వరం నాకే తిరిగి రాలేదు. డోలు మా బావమరిది చెంగయ్య. మధ్యలో మోకాలితో పొడిచాడు. భోజనాల దగ్గర చెంగయ్య, శ్రుతి ఒక దోవ, నువ్వొక దోవ పోతాండారు బావా, పెండ్లికొడుకు తాళి కట్టాల్నో పారిపోవాల్నో తెలీక సూస్తాండాడు అన్నాడు. షామియానాలో ఎవడు వాయించినా అంతే అన్నాను. తనే వేసిన జోకుకు తనే నవ్వే మనిషి, నవ్వలేదు.

2-12

పుంగనూరులో ఊరేగింపు. గాలి ఎత్తుకుపోయింది.

20-1-1975, మదనపల్లె

చెకప్. ఎక్స్‌రే బాగుంది. దెబోరా పిలిస్తే నేను పలకలేదంట. దగ్గరికి వచ్చి భుజం తట్టింది. తన చేతి వాచీ విప్పి నా కుడి చెవికి ఆనించింది, తర్వాత ఎడమ చెవికి. ఆగిపోయిన వాచీ అనుకున్నాను. తీసి చూపించింది. ముల్లు తిరుగుతోంది.

సూది వల్ల కొందరికి అట్లా అవుతుందంట. మొదట శబ్దం వస్తుంది. అప్పుడే చెబితే ఆపేవాళ్ళు. ఇప్పుడు పోయింది రాదు, ఉన్నదీ తగ్గొచ్చు. వారం వారం అడిగితి గదప్పా, యాల సెప్పలేదు అంది. ఈ ముక్క రెండుసార్లు చెప్పించుకున్నాను.

నేను శ్రుతి అనుకున్నానని చెప్పలేదు.

21-1

సిద్ధమ్మకు చెప్పలేదు. షామియానా, వీధి వేరు. మండపం వేరు. అది రాయి.

25-2, తిరునాళ

మండపం నిండా జనం. నారాయణస్వామి ముందు వరసలో కూర్చున్నాడు. షడ్జం పట్టి వదిలాను. నాలుగో స్తంభం వైపు చెవి పెట్టి ఆగాను.

ఆగాను.

చెంగయ్య డోలు మీద చేతులు పెట్టి నన్నే చూస్తున్నాడు. వాడి చేతులు కదిలితే తాళం అని లెక్క పెట్టుకుని వాయించాను. వేళ్ళకు దారి తెలుసు, పెదవి పట్టు ఎంత బిగించాలో మాత్రం చెవి చెప్పాలి. పల్లవి రెండోసారి ఎత్తేసరికి ముందు వరసలో ఒకామె పక్కామెను చూసింది. నారాయణస్వామి కండువా సర్దుకుని నేలకేసి చూశాడు. ఊపిరి ఇంకా ఎంతో ఉంది. పూర్తి చేశాను.

బయటికి వచ్చాక ఆయన ఏదో చెప్పాడు. అర్థం కాలేదు. చెంగయ్య నా చెవిలో మళ్ళీ చెప్పాడు. నీకూ సోటుంటాదంట బావా, ముద్దుకృష్ణ వాయిస్తాడంట, నువ్వు సుతిపెట్టె పట్టాలంట, సెవులతో పని ల్యాదంట.

నాగస్వరం ముద్దుకృష్ణకు ఇచ్చాను. వాడు కళ్ళకు అద్దుకున్నాడు. నోటి పీక మాత్రం విప్పి నా దగ్గరే ఉంచుకున్నాను. టి.బి. వచ్చినవాడు ఊదిన పీక కదా.

3-3

పొద్దున మేళం. పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఊపుతున్నాను. ముద్దుకృష్ణ వాయించడం ఆపి నావైపు తిరిగాడు. చెంగయ్య డోలు దించి, వంగి, బిళ్ళ తెరిచాడు. అప్పటిదాకా మూసే ఉందంట.

నాకు వినిపిస్తూనే ఉంది.