అమ్మ చదివిన కవచం

ఆదివారం రాత్రి, బద్వేలు

కవచమంటే యుద్ధంలో తొడుక్కునే ఇనుప చొక్కా అని, అచ్చతెలుగులో మైమరువు అంటారని, మై అంటే ఒళ్లని మొన్ననే ఏడో తరగతి పిల్లలకు పెద్ద తెలిసినదానిలా చెప్పాను. మా ఇంట్లో మాత్రం కవచమంటే అమ్మ చదివే స్తోత్రం. టీచరునయ్యాక కూడా, నేను బడికి బయల్దేరితే చాలు, గడప దగ్గర ఆపేది. తల, కళ్లు, మెడ, భుజాలు... ఏ అవయవం పేరొస్తే అక్కడ చెయ్యి పెట్టి, దాన్ని కాపాడమని అమ్మవారికి అప్పగించేది. పాదాలతో ముగించి "పోయి రామ్మా" అనేది. బస్సు పోతుందని విసుక్కునేదాన్ని.

ఈరోజు అమ్మకు ఆఖరి స్నానం. పసుపు రాస్తుంటే నా చెయ్యి తల, కళ్లు, మెడ, భుజాలు అనుకుంటూ అదే వరసలో దిగింది. పెదవులు వాటంతటవే చదువుతున్నాయి. మేనత్త నా భుజం పట్టుకుంది.

"ఎవురికి చదువుతాండావు తల్లీ? ఇంక ఆ ఒంటికి ఏమయితాదని?"

నేను ఆపలేదు. పాదాల దాకా చదివాను. "పోయి..." అన్నాను.

"రామ్మా" మాత్రం నోట్లోనే ఉండిపోయింది.